సాయంత్రం కంటే ముందొచ్చిన రికార్డు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం పోయింది. జరిగింది మాత్రం చెబుతాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. మాది ప్రొద్దుటూరు. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో డేటాబేస్ చూసుకునే ఉద్యోగం నాది. ఆ రోజు బంద్. బస్సుల్లేక మూసాపేట నుంచి నడిచే వచ్చాను.

పొద్దున 11:40కి డేటాబేస్‌లో కస్టమర్ల వివరాలుండే టేబుల్ మొత్తం ఎగిరిపోయింది. మా టీమంతా వాడే ఉమ్మడి లాగిన్‌తో ఎవరో తీసేశారు. మా మేనేజరు మాత్రం యాదగిరే అని తేల్చేశాడు. యాదగిరిది పుప్పాలగూడ, నా పక్క సీటు. ముందురోజు ధర్నాలో కూర్చున్నాడట, అదే సాక్ష్యం. నాకు ఒళ్ళు మండింది.

ఒంటిగంటకు బ్యాకప్ నుంచి డేటా వెనక్కి తేవడానికి కూర్చున్నాను. మా సర్వర్ గడియారం గ్రీనిచ్ టైంలో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. టేబుల్ పోకముందు వరకు కావాలంటే 6:09 అని కొట్టాలి. ఆ కోపంలో 11:39 అని కొట్టాను. అంటే మనకు సాయంత్రం 5:09. అదింకా రానే లేదు. సిస్టం ఎర్రర్ ఇవ్వాలి. ఇవ్వలేదు, డేటా వచ్చింది.

దాంతోపాటు వచ్చిన, ఎవరు ఎప్పుడేం చేశారో రాసుండే లాగ్‌లో చివరి లైను రెండుసార్లు చదివాను. సర్వర్ టైం 10:50, అంటే మన 4:20కి, యాదగిరి ఖాతా రద్దు. చేసింది నా లాగిన్.

ఎవరు రాసినా సరే, నేను చెయ్యనుగాక చెయ్యను అనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చేశాను. ఆ కాపీ చెరిపేసి, సరైన టైం కొట్టి టేబుల్ తెచ్చిచ్చాను.

నాలుగింటికి మేనేజరు తన గదిలోకి పిలిచి, యాదగిరిని తీసేస్తున్నాం, ఖాతా రద్దు చేయమన్నాడు. ఆ అధికారం నా లాగిన్‌ ఒక్కదానికే ఉంది.

"నేను చెయ్యనండి. ముందు రుజువు చూపించండి" అన్నాను.

అరగంట వాదించాను. గోడ గడియారంలో 4:20 దాటినప్పుడు నా రెండు చేతులూ ఆయన బల్ల మీదే ఉన్నాయి. గెలిచాననుకున్నాను.

బయటికొస్తే యాదగిరి తన సిస్టం ముందు నిలబడి ఉన్నాడు. లాగిన్ అవడం లేదు. ఇద్దరం నా సిస్టంలో చూశాం. 10:50, ఖాతా రద్దు, నా పేరు.

"నువ్వు గూడ గిట్లనే చేస్తివా అక్కా?" అన్నాడు.

నేను ఆ టైంలో ఎక్కడున్నానో యాదగిరికి చెప్పమని మేనేజరును అడిగాను. ఆయన తల దించుకుని ఫోన్ చూసుకున్నాడు.

ఆ వారమే రాజీనామా ఆయన మొహాన కొట్టి వచ్చేశాను. అది ఎలా జరిగిందో ఇన్నేళ్ళయినా నాకు అంతుబట్టలేదు. యాదగిరి ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడు. నేను చెయ్యలేదు యాదగిరీ. నువ్వు ఎత్తేదాకా ఫోన్ చేస్తూనే ఉంటాను.