కాలమ్ మార్చాలని రాసిన అక్కకూతురు

పోయిన వారం హిందూపురంలో, మూడు నెలల చక్కెర ఎంతుందో చూపించుకుందామని పొద్దున్నే రక్తపరీక్షల ల్యాబుకు వెళితే, అక్కడి అమ్మాయి నా చీటీ చూసి, "ఈ పొద్దు కాదు సార్. మిషన్లో కాలమ్ అయిపోయిండాది, రీడింగులు నమ్మేదానికి లేదు. కొత్తది వేస్తాండారు, రేపు రాండి" అని చెప్పి నా వెనకున్న మనిషిని పిలిచింది. ఇరవై మూడేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకు. ఎంత తేలిగ్గా చెప్పింది! నేను బయటికొచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

నా ఈడువాళ్ళలో మందుల ఫ్యాక్టరీల్లో పని చేసినవాళ్ళకు కాలమ్ గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. జానెడు పొడవు స్టీలు గొట్టం, లోపల పిండిలాంటి తెల్లటి పొడి దట్టించి ఉంటుంది. మందు కరిగించిన నీళ్ళను గట్టి ఒత్తిడితో అందులోంచి పంపితే, మందు ఒక వేళకు, అందులో దాగిన మలినం ఇంకొక వేళకు విడివిడిగా బయటికొచ్చి కాగితం మీద శిఖరాల్లా గీసుకుంటాయి. పీకులు అనేవాళ్ళం వాటిని. కాలమ్ కొత్తదైతే పీకు సూదిలా నిలబడుతుంది. అరిగేకొద్దీ ఒక పక్కకు వాలి తోక సాగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, పక్కపక్కన ఉండవలసిన రెండు పీకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడిక తీసి పారెయ్యాలి. అదెప్పుడో గుర్తుపట్టడమే మా పనిలో అసలు విద్య.

ఆ విద్య నాకు బాగా వచ్చు. వచ్చి కూడా తప్పు చేశాను.

హిందూపురం దగ్గరి ఆ ఫ్యాక్టరీలో నేను ల్యాబు సీనియరుగా ఉన్న రోజుల్లో, ఇతరులు మూడు కాలమ్‌లు వాడే చోట నేను ఒక్కదానితో నెట్టుకొచ్చేవాణ్ణి. అరిగిందనిపిస్తే తలకిందులుగా బిగించి, సగం రోజు మిథనాల్‌తో కడిగి, మళ్ళీ నాలుగు వారాలు నడిపించేవాణ్ణి. ఒక మీటింగులో మా మేనేజరు అందరి ముందూ, "ఇతని చేతిలో కాలమ్ చావదప్పా" అన్నాడు. ఆ మాట నా తలకెక్కింది. అప్పటినుంచి కొత్త కాలమ్ కావాలని చీటీ రాయాలంటేనే నామోషీగా ఉండేది.

ఆ రోజుల్లోనే పెనుకొండలో ఉన్న మా అక్క కూతురు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయ్యి ఇంట్లో ఉంటే, నేనే మాట చెప్పి మా ల్యాబులో ప్రొబేషన్ మీద పెట్టించాను. రోజూ పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళేది. మా కుటుంబంలో తెల్లకోటు వేసుకున్న మొదటి ఆడపిల్ల. ఆ కోటు మీద మరక పడితే మా అక్క రెండుసార్లు ఉతికేదట.

చేరిన నాలుగో నెలలో ఒక బ్యాచిలో మలినం ఎంతుందో చూడమని ఇచ్చాను. ఆరుసార్లు పంపితే ఆరు రకాలుగా వచ్చింది. కొత్తగా తూకం వేసి మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. పోల్చుకోవడానికి మేము ఉంచుకునే శుద్ధమైన మందును, అంటే స్టాండర్డును, కూడా పంపి చూసింది. నా దగ్గరికొచ్చి, "మామా, కాలమ్ అయిపోయింది. స్టాండర్డు పీకు కూడా వాలిపోతాండాది. పెద్ద పీకు కింద ఇంకోటేదో ఉండాదనిపిస్తాది" అంది. నేను కాగితం చూశాను. చూడగానే నాకూ తెలిసింది. కానీ నా నోటినుంచి వచ్చింది మాత్రం, "తూకం సరిగా వెయ్యడం నేర్చుకో" అన్న మాట. పిల్ల రిజిస్టరులో ఆ రోజు పేజీలో, కాలమ్ మార్చాలి అని రాసి సంతకం పెట్టి, రైలుకు వెళ్ళిపోయింది.

మరునాడు నేనే కూర్చుని కాలమ్ కడిగి, కుదిరిన రీడింగులు ఉంచి, కుదరనివి పక్కన పెట్టి, బ్యాచి పాసైందని రాశాను. ఒకే బ్యాచికి రెండు రకాల రాతలు చూసి మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. "కాలమ్ బాగుండాదా లేదా, నువ్వు చెప్పప్పా" అని నన్నే అడిగాడు. అక్కకూతురు నా మొహం వైపు చూసింది. నేను కిటికీ వైపు చూస్తూ, బాగుందన్నాను. చేతికి కుదురు లేదని సర్టిఫికెట్లో రాసి, రెండు నెలల్లో ఆమెను పంపేశారు. ఆ రాత చూసి ఇంకే ల్యాబూ ఆమెను తీసుకోలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ బ్యాచి తిరిగొచ్చింది. కొన్నవాళ్ళు మళ్ళీ పరీక్షించి, మలినం ఎక్కువుందని పంపేశారు. వాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది కానీ, అది మనుషుల కడుపులోకి పోవలసిన మందు. నేను కొత్త కాలమ్‌కు చీటీ రాస్తే, మేనేజరు ఒక్క ప్రశ్న వేయకుండా సంతకం పెట్టి, "ముందే అడగొచ్చు కదప్పా! అడక్కపోతే నాకెట్ల తెలుస్తాది?" అన్నాడు. కొత్తది బిగించి మొదటిసారి పంపగానే, పెద్ద పీకు పక్కన చిన్న పీకు విడిగా నిలబడింది, పిల్ల చెప్పిన చోటనే. అప్పుడైనా మేనేజరుకు నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

అంతకంటే సిగ్గుపడవలసింది ఇంకొకటుంది. పిల్ల ఉద్యోగం పోయిన వారానికే మా అక్క ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసుకొని మా ఇంటికొచ్చింది. "నువ్వు పెట్టించిన పనిని నిలుపుకోల్యాకపాయ. నీ పేరు చెడగొట్టె. మనసులో పెట్టుకోవద్దప్పా" అని కళ్ళు తుడుచుకుంది. నేను ఆ ఓళిగలు తిన్నాను.

ఆ పిల్లను ధర్మవరంలో పట్టునూలు అంగడి వాళ్ళకిచ్చి పెళ్ళి చేశారు. మా అక్క, కూతురు చేతకానిదనే అనుకుంటూ, మూడేళ్ళ కిందట పోయింది.

పోయిన వారం ల్యాబు అమ్మాయి రమ్మన్న మరునాడు నేను రక్తమివ్వడానికి వెళ్ళలేదు. ధర్మవరం రైలెక్కాను. అంగట్లో అక్కకూతురు ఒక్కతే ఉంది. తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. కుర్చీ వేసి, నీళ్ళిచ్చింది. నేను ఉన్నదంతా చెప్పాను. ఆమె నూలు కట్టలు సర్దుతూనే విని, "నాకు ఆ దినమే తెలుసు మామా. నువ్వు కాగితం చూసినప్పుడే నీ మొగం చూస్తి" అంది.

మరి మీ అమ్మకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే చెప్తావని చూస్తాంటి. అమ్మ నన్ను తిట్టినప్పుడల్లా, ఈ తూరి మామ వచ్చి చెప్తాడులే అనుకుంటాంటి. ఆమె పొయ్యే ముందు నెల్లో నువ్వొచ్చి మంచం పక్కన కూర్చుంటివే, ఆ పొద్దు కూడా."

భోజనం చేసి పొమ్మంది. రైలుకు వేళవుతుందని చెప్పి లేచాను.

ఇప్పటి ల్యాబుల్లో కాలమ్ ఎన్నిసార్లు వాడారో మిషనే లెక్కపెడుతుందట, ఒక రీడింగు తీసేస్తే తీసినవాళ్ళ పేరు అందులో ఉండిపోతుందట. మా రోజుల్లో అవేవీ లేవు కాబట్టే అలా జరిగిందని చాలా ఏళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ ఆ రోజు మేనేజరు అడిగింది మిషన్ను కాదు, నన్ను.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. అక్క బతికున్నన్నాళ్ళూ ఎన్నిసార్లు ఆ స్టేషన్లో దిగానో లెక్కలేదు. దిగిన ప్రతిసారీ చెప్పడానికి వీలుండేది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో బాడుగకున్నారు. రైలు రెండు నిమిషాలు నిలబడి కదిలింది. నేను దిగలేదు.