అక్కా ఇదే నొక్కు

ముందుగా ఒక మాట. నేను ఐదో తరగతి వరకే చదివాను. అది కూడా మిరప కోతల రోజుల్లో బడి మానేస్తూ చదివిన చదువు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ నాకు అనుమానమే. చర్చిలో పాటల పుస్తకం చదవడం, సంతకం పెట్టడం తప్ప ఇంత పొడుగున ఎప్పుడూ ఏమీ రాయలేదు. రాత బాగుండదు. అయినా నోటితో చెబితే మా ఆయన నవ్వుతున్నాడు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు పత్తి తీతకి, మిరప కోతకి వెళ్ళాం. తర్వాత మా ఆయనకి చీమకుర్తిలో రాయి కోసే మిషన్ మీద పని దొరికింది. ఆయన మిషన్ దగ్గర, నేను ఆఫీసు గదిలో. ఊడవడం, నీళ్ళు పట్టడం, టీ తేవడం నా పని. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, అంత రాతి పొడి.

ఆ గదిలో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే అమ్మాయి ఉండేది. పొన్నూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. సమాధి రాళ్ళకి, వంటగది బండలకి, గేటు మీద పేర్లకి బొమ్మ గీసేది. సమాధి రాయైతే బొమ్మని రాయి ఎంతుంటే అంత కాగితం మీద ప్రింటు తీస్తారు. చెక్కే తాత రాయికి తెల్లరంగు పూసి, కార్బన్ కాగితం పరిచి, దాని మీద ఈ ప్రింటు పెట్టి గీతల వెంట పెన్సిల్ తిప్పుతాడు. ఆ గుర్తుల మీదే ఉలి పడుతుంది. అందుకని ప్రింటు కొలత తప్పితే రాయి తప్పినట్టే.

నేను ఆ అమ్మాయిని మేడం అనేదాన్ని. వచ్చిన వారానికే అడ్డుపడింది.

"మేడం అనమాకక్కా. నువ్వు మా అమ్మకంటే రెండేళ్ళే చిన్న."

"మరేమనాలమ్మా?"

"ఏదో ఒకటి అను. టీలో పంచదార మాత్రం తగ్గించు."

అప్పటి నుంచి అమ్మాయ్ అనే పిలిచాను. తనకి చేతినిండా పని ఉన్నప్పుడు నన్ను కూర్చోబెట్టి ప్రింటు ఇవ్వడం నేర్పింది. నాకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మాత్రమే తెలుసు. గీతల రంగుల్ని బట్టి మందం మారుతుందని చెబితే నాకు ఎక్కలేదు. అప్పుడు, "కల్లంలో కాయలు ఏరలేదా అక్కా? ఎర్రకాయ మేలు, పసుపుబారిన తాలుకాయ నాసి. అట్టాగే ఎర్రగీత లావు, పసుపుగీత సన్నం," అంది. మళ్ళీ మరిచిపోలేదు.

ఒకరోజు తనకి జ్వరం. చెక్కే తాత రాయి సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేనే ఇస్తానని కూర్చున్నాను. ఏ ప్రింటర్, ఎంత కాగితం, బొమ్మలో ఎంత భాగం, ఏ కొలత, ఇవన్నీ ప్రతిసారీ ఎంచుకోవాలి. నేను ఎంచుకోలేదు. తెర మీద ఏది ఉంటే దాన్నే నొక్కేశాను. కంప్యూటర్ బొమ్మని కుదించి ఒక చిన్న కాగితానికి సరిపెట్టింది. తాత టేపు పెట్టి చూడలేదు. అంత పెద్ద రాయి మధ్యలో చిన్న సిలువ, చిన్న పేరు చెక్కేశాడు.

చనిపోయినాయన ఒక మాస్టారు. రాయి తీసుకెళ్ళడానికి ఆయన కొడుకు వచ్చాడు.

"మా నాయన ఆరడుగుల మనిషండి. ఈ సిలువేంది, ముక్కుపుడకంత ఉంది?"

ఓనరు గారు తాతని పట్టుకున్నారు. "కొలవకుండా ఎట్టా చెక్కావయ్యా?"

"కంప్యూటర్ ఇచ్చిన కాగితాన్ని నేను కొలిచేదేంది సార్?" అన్నాడు తాత.

అప్పటికి ఆ అమ్మాయి జ్వరం తగ్గి వచ్చేసింది. ప్రింటు ఎవరిచ్చారని ఓనరు గారు అడిగితే నేను టీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాను. తను లేచి నిలబడి, "సెట్టింగు నేనే సరిగ్గా పెట్టిపోలేదు సార్," అంది. తిట్లన్నీ తనే తింది. మాస్టారికి వేరే రాయి చెక్కారు. ఆ చిన్న సిలువ రాయి ఇప్పటికీ గోడకి ఆనించి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోరు.

ఆ సాయంత్రం నేను బల్ల తుడుస్తూ ఏడుస్తుంటే తను కుర్చీ జరిపి పక్కన కూర్చోమంది. ఆ రాయి బొమ్మే తెరిచింది. ప్రింటర్, కాగితం, కొలత, గీతల మందం అన్నీ ఒక్కొక్కటే సరిచేసింది. "ఇవన్నీ ఒకసారి కుదిర్చి పేరు పెట్టి దాస్తే చాలక్కా. మళ్ళీ ఎంచుకునే పనే లేదు. ఆ పేరు నొక్కితే అన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి," అంది.

పేరు తెలుగులో టైపు చేసింది. అక్కా ఇదే నొక్కు.

కింద ఇంకొకటి చేసింది. వచ్చినవాళ్ళకి చూపించే చిన్న కాగితం కోసం. దాని పేరు, చూపించడానికి మాత్రమే, తాతకి ఇవ్వమాక. అది చూసి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"కంప్యూటర్ పాడైతే ఇవి పోతాయా అమ్మాయ్?"

"ఇవి బొమ్మ ఫైల్లో ఉంటాయక్కా. ఈ బొమ్మ ఒక్కటి దాచుకుంటే ఇంకో బొమ్మలోకి తెచ్చుకోవచ్చు."

ఆ బొమ్మని ఒక పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. దాన్ని బైబిల్ సంచిలో పెట్టుకున్నాను.

ఏడాదిన్నర అలా గడిచింది. ప్రింటు ఇచ్చే పని పూర్తిగా నాదే అయింది. తర్వాత వాళ్ళ నాన్నకి పక్షవాతం వచ్చింది. ఇంటి దగ్గర ఉండాలని పొన్నూరులోనే ఏదో పని చూసుకుంది. వెళ్ళేరోజు బస్సు ఎక్కించడానికి వెళ్ళాను.

"ఒంగోలులో దిగి బస్సు మారితే అయిపోద్దక్కా. దూరమేం కాదు. రా."

"వస్తాలే. నువ్వే రా ముందు."

మూడేళ్ళయింది. నేను వెళ్ళలేదు, తను రాలేదు. మొదట్లో ఫోన్ చేసేది. ఆ పక్క వాళ్ళ నాన్న కేక వినిపించగానే పెట్టేసేది. తర్వాత పండక్కి ఒక బొమ్మ పంపేది. అదీ తగ్గింది. కానీ నేను రోజూ కంప్యూటర్ తెరిచేదాన్ని. రోజూ ఆ వరుసలో ఆ పేరు కనపడేది. అక్కా ఇదే నొక్కు. ఇంకెవరూ నన్ను అలా పిలవరు. లోపలికి వచ్చేవాళ్ళు ఏమ్మా అంటారు, ఇదిగో అంటారు.

మొన్న వేసవిలో ఆ కంప్యూటర్, ఆ ప్రింటర్ రెండూ మార్చేశారు. పాతవి ఒంగోలులో ఎవరికో ఇచ్చేశారు. ఆ అమ్మాయి తర్వాత ఇద్దరు మారారు, ఇప్పుడు బొమ్మలు గీయడానికి కొత్తగా వచ్చిన అబ్బాయి కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మంచివాడే. నేను చూస్తే వరుసలో ఆ పేరు లేదు. ప్రింటు ఇవ్వడం రాకపోతే నేను మళ్ళీ చీపురు దగ్గరికే. అది ఒక భయం. కానీ నిజం రాస్తున్నాను, నాకు ముందు వచ్చింది ఆ భయం కాదు. ఆ పిలుపు పోయిందని.

మర్నాడు బైబిల్ సంచి తెచ్చాను.

"బాబూ, దీంట్లో ఒక బొమ్మ ఉంది. దాంట్లో దాచిన సెట్టింగులు ఈ కంప్యూటర్లోకి తెచ్చుకోవచ్చంట."

"ఎవరు చెప్పారు?"

"నీకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నామె."

వాడు తెరిచాడు. మాస్టారి సిలువ బొమ్మ వచ్చింది. రెండు నొక్కులు నొక్కితే ఆ రెండు పేర్లు వచ్చి కూర్చున్నాయి. వాడు నవ్వాడు. "తాతకి ఇవ్వమాక ఏంది పిన్నీ?"

"అదో కథలే. పని చేస్తయ్యా?"

వాడు ఆ పేరు లోపలి సెట్టింగులు తెరిచి చూశాడు. "ఇది పాత ప్రింటర్ కోసం పెట్టింది. ఆ ప్రింటరే లేదుగా. కాగితం వెడల్పు కూడా మారింది. గీతల మందాల ఫైలు పాత కంప్యూటర్లోనే పోయింది. లోపల ఏం మిగల్లేదు పిన్నీ. తీసేసి కొత్తది చేస్తా. ఫుల్ సైజ్ అని పెడతాలే."

"పేరు తీయమాక."

"పేరుదేముంది? నీకు ఫుల్ సైజ్ చదవటం వచ్చుగా?"

"వచ్చు. అయినా తీయమాక బాబూ."

వాడు నా మొహం చూసి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. కొత్త ప్రింటర్ పెట్టాడు, కాగితం పెట్టాడు, కొలత ఒకటికి ఒకటి అని పెట్టాడు. మందాల దగ్గర ఆగితే నేనే చెప్పాను, ఎర్రగీత లావు, పసుపుగీత సన్నమని. ఆ పాత పేరు కిందే దాచాడు. నేను ప్రింటు తీసి టేపు పెట్టి కొలిచాను. సిలువ సరిగ్గా మూడడుగులు. తాత కూడా వచ్చి తన టేపు పెట్టి కొలిచాడు. ఇప్పుడు కొలవకుండా ఏదీ ముట్టుకోడు.

అంటే పని నిలబడింది. పేరూ నిలబడింది. కానీ లోపల ఉన్నవన్నీ ఆ అబ్బాయి పెట్టినవి. ఆ అమ్మాయి చేత్తో పెట్టింది ఒక్కటీ లేదు. ఎర్రగీత, పసుపుగీత మాత్రం తన మాటే, అది నా నోట్లోంచి వచ్చింది. రోజూ నొక్కేటప్పుడు ఇదే అనుకుంటాను.

తెర మీద ఆ పేరు కనపడేలా ఫోన్‌తో ఫొటో తీశాను. తన నంబరు నా దగ్గర ఉంది. ఫొటో కింద ఏం రాయాలో తెలియక వారం ఆపాను. ఒకసారి ఎలా ఉన్నావు అని రాసి, తప్పు రాశానేమోనని చెరిపేశాను. చివరికి ఏమీ రాయకుండా ఫొటో ఒక్కటే పంపాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు ఇంకా రాలేదు. వాళ్ళ నాన్నకి అన్నం పెడుతూ ఉంటుందిలే అనుకుంటున్నాను. ఈ నెలలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఒంగోలు బస్సు ఎక్కుదామని మా ఆయనతో అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు.

చదివిన మీకు దండం. అక్షరం ఎక్కడైనా కొలత తప్పితే కోప్పడకండి. మా ఆఫీసు గోడకి ఆనించి ఉన్న ఆ చిన్న సిలువ రాయిలాగే ఇది కూడా తెలియక చేసిన తప్పని అనుకుని క్షమించండి.