ఫకీర్ సాహెబ్ మెచ్చని బండి

ఫకీర్ సాహెబ్ మెచ్చుకున్న మనిషి జమ్మలమడుగులో ఒక్కడూ లేడు. మెచ్చుకున్న వస్తువు మాత్రం ఒకటుండేది. ఓబుల్‌రెడ్డి పాలిష్ ఫ్యాక్టరీ నుంచి నాపబండలు మోసే పాత డీజిల్ లారీ. తన పెద్దకూతురు పుట్టిన ఏడాది నుంచీ దాన్ని ఫకీర్ సాహెబే తోలుతున్నాడు. పొద్దున్నే దగ్గి, తుమ్మి, వీధినంతా లేపి, నల్లటి పొగ కక్కితే గానీ అది కదిలేది కాదు. దానితో పాటు ఆయనా దగ్గేవాడు. "ముందు పోయేది నువ్వో, నీ లారీనో" అని భార్య మైమూన్ సణిగేది. ఇంజన్ల సంగతి ఆమెకేం తెలుసని ఆయన ఆ మాటను ఈగలా తోలేసేవాడు.

ఒకనాడు ఓబుల్‌రెడ్డి కరెంటు లారీ కొనుక్కొచ్చాడు. తెల్లగా, నున్నగా, అలక తీరిన కొత్త అల్లుడిలా ఉంది. గుమ్మడికాయ కొట్టించి, ఫోన్లో వీడియో తీయించుకుంటూ ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"రేపట్నించి మన ఫ్యాక్టరీలో చుక్క డీజిల్ గూడా కాల్చేది ల్యా. గాలి శానా చెడిపోతాండాది. మనమన్నా బాగు చేయల్ల."

రాతిదుమ్ములో పని చేసే కూలీలకు మూతికి కట్టుకునే గుడ్డ కూడా ఇచ్చి ఎరగని మనిషి గాలి బాగోగులు చెబుతుంటే ఫకీర్ సాహెబ్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"దీనికి సప్పుడేది రెడ్డీ? ఇది లేసినాదో పండుకున్నాదో ఎట్ల తెలుస్తాది?"

"గేర్లు గూడా ల్యావు సాయిబూ. కాలు మీద కాలేసుకోని తోలు."

ఎడమకాలికి పనిలేని డ్రైవరును ఫకీర్ సాహెబ్ ఊహించుకోలేకపోయాడు. కరెంటుతో తిరిగేదేగా అని దానికి మిక్సీ అని పేరు పెట్టాడు.

ఛార్జింగుకు కావలసిన పెద్ద లైను ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగే ఓపిక ఓబుల్‌రెడ్డికి లేదు. డీజిల్ జనరేటర్ తెప్పించి దాంతోనే ఛార్జింగ్ ఎక్కించసాగాడు. "మాంసం మానేసినానని చెప్పి బొమికలు చీకినట్టుండాది" అని ఫకీర్ సాహెబ్ కూలీల దగ్గర పడీపడీ నవ్వాడు.

పులివెందులలో ఎవరిదో కొత్త ఇంటికి బండలు పోవాలి. పాత లారీకి వేసినంత లోడే దీనికీ వేయించాడు ఓబుల్‌రెడ్డి. బండి ఎంత బరువు మోస్తుందో దాని తలుపు మీదే రాసుంది. ఫకీర్ సాహెబ్ అది చదివాడు. టైర్లు అణగడమూ చూశాడు. అయినా నోరు విప్పలేదు. ఇది దారిలో చస్తే తన లారీ మళ్లీ షెడ్డులోంచి బయటికొస్తుందని ఆశ.

ముద్దనూరు దాటి ఎత్తు మొదలయ్యేసరికి బండి నీరసించింది. స్టీరింగు ముందర ఎర్రలైటేదో వెలిగింది. మరికొంత దూరం పోయి నిలబడిపోయింది. ఫకీర్ సాహెబ్ హుషారుగా దిగి ఫోన్ చేశాడు.

"నీ మిక్సీ ఆగిపోయినాది రెడ్డీ."

"ఆగిపోయినాదా, నువ్వు ఆపినావా?" అని అరిచాడు ఓబుల్‌రెడ్డి. "డీజిల్ దొంగిలించి అమ్ముకునేకి దారి మూసుకపోయినాదని దీన్ని చెడగొట్టినావు గదా!"

అన్నేళ్లలో సీసాడు డీజిల్ ఇంటికి తీసుకుపోలేదు ఫకీర్ సాహెబ్. ఫోన్ పెట్టేశాడు.

అంతలో ప్రొద్దుటూరు నుంచి అరటిగెలల కోసం పులివెందులకు ఖాళీగా పోతున్న డీజిల్ లారీ ఆగింది. తోలుతున్న షాహుల్ తెలిసినవాడే. లోడు చూసి నోరు తెరిచాడు.

"ఏంది మామా ఇది? దీని మీద ఇంత బరువా? ఏనుగైనా కూలబడతాది. నీకు కండ్లు ల్యావా?"

షాహుల్ వెంట వచ్చిన కూలీలు సగం బండలు తమ లారీలోకి మార్చారు. కాసేపటికి చల్లబడి కరెంటు బండి కదిలింది, సులువుగా ఎత్తెక్కింది. వెనక షాహుల్ లారీ మూలుగుతూ పొగలో మునిగి వస్తోంది. అద్దంలో ఆ పొగ చూశాక, తానూ ఇన్నేళ్లుగా వెనకొచ్చేవాళ్ల మొహాన ఇదే పోశానని ఫకీర్ సాహెబ్‌కు తెలిసింది. తన మీద తనకే రోత పుట్టింది. బండిని మాత్రం పొగడలేదు.

తిరిగొచ్చి కూలీలందరి ముందు తాళం ఓబుల్‌రెడ్డి బల్ల మీద విసిరాడు.

"బండి బాగనే ఉండాది రెడ్డీ. నీ ఆశే బరువు. తెలిసీ నోరు మూసుకున్న నేనూ ఎదవనే. కానీ దొంగనన్నావు సూడు, ఇంగ నీ ఉప్పు నాకొద్దు."

"పోతే పో. డ్రైవర్లకు కరువా?"

కరువేమీ రాలేదు. వచ్చినవాళ్లంతా అదే లోడుతో అదే ఎత్తులో ఆగిపోయారు. చివరికి "కరెంటు బండ్లన్నీ మోసం" అని తేల్చి, ఓబుల్‌రెడ్డి పాత లారీనే బయటికి తీశాడు. గాలి గురించి ఉపన్యాసం మళ్లీ వినబడలేదు.

ఫకీర్ సాహెబ్ ఇప్పుడు ప్రొద్దుటూరు మండీకి పులివెందుల అరటిగెలలు తోలుతున్నాడు. అదీ కరెంటు బండే. ఎట్లుందని షాహుల్ అడిగితే మూతి విరుస్తాడు.

"ఏముందప్పా. దీనికంటే కుక్కర్ నయం, ఈలన్నా వేస్తాది."

లోడెత్తేటప్పుడు మాత్రం పక్కనుంచి కదలడు. మోతాదు దాటి ఒక్క గెల పడినా చాలు, తోటంతా వినబడేలా కేకేస్తాడు.

"దించప్పా, దించు! యాడ నేర్చినార్రా లోడెత్తేది?"