చదివి వినిపించే దేవదానం

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు గోడవారన చెక్కపెట్టె ముందేసుకుని దేవదానం ఇరవై ఏళ్లుగా ఇళ్ల తనఖా పత్రాలు రాస్తున్నాడు. రాసిందంతా రాయించుకునే పార్టీకి చదివి వినిపిస్తాడు. వినేవాడు ఆవలించినా ఆపడు. చివర కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, “ఇదంతా నిజమేనా?” అని అడిగి, అవునన్నాకే వేలిముద్రకు ఇంకుప్యాడు జరుపుతాడు. అబద్ధమాడితే నరకమని మాత్రం ఎవరికీ చెప్పడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆ గొంతుతోనే.

ఆ ఏడు ఇంటి అప్పుల మీద వడ్డీ తగ్గించినారని పేపర్లో పడింది. కారే పెంకుటింటికి మిద్దె వేయించాలని దేవదానం కూడా బ్యాంకు నుంచి దరఖాస్తు తెచ్చుకున్నాడు. ఇంటిలో వేరెవరికైనా హక్కు ఉన్నదా అని అడిగినచోట కలం ఆగింది. ఇల్లు అతని పేరనే ఉంది. కానీ కొన్నప్పుడు అక్క రిబ్కమ్మ చెవికమ్మలమ్మి సగం డబ్బిచ్చింది. సగం ఇల్లు నీదేనని ఆమెకు నోటిమాటగా చెప్పినాడు.

“ఆ మాట యాడా కాగితంలో లేదు కదప్పా. లేదని రాసెయ్,” అన్నాడు పక్కన పత్రాలు రాసే మునస్వామి. “మీ దేవుడేమన్నా ఈడికొచ్చి చూస్తాడా?”

“ఆయన రాకపోయినా, రాసేది నేను కదా,” అన్నాడు దేవదానం. అక్క పేరు రాసినాడు. పత్రాల్లో లేని వాటాదారున్న ఇంటికి అప్పు ఇవ్వలేమని దరఖాస్తు తిరిగొచ్చింది.

వానల్లో పూతలపట్టు నుంచి వచ్చిన రిబ్కమ్మ, “నా పేరెందుకు రాస్తివిరా, నేనడిగితినా?” అని తిట్టింది. అతను ఆ దరఖాస్తు తీసి మొదట్నించి చివరిదాకా చదివి వినిపించి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసినాడు.

“ఇదంతా నిజమేనా అక్కా?”

పైన పెంకుల సందులోంచి ఒక చుక్క కాగితం మీద పడింది. రిబ్కమ్మ కాగితం పక్కకు తీసి, ఆ చోట చెంబు పెట్టింది.

“నిజమే నాయనా,” అనింది.