మా అత్త బిగించిన ఇనుప ముక్క

హైటెక్ సిటీలో ఓ కాఫీ షాపులో పాత కుట్టుమిషన్ స్టాండును టేబుల్‌గా వేశారు. పెడల్ మీద కాలు పెట్టగానే మదీనాగూడలోని మా ముందుగది, మిషన్ నూనె వాసన గుర్తొచ్చాయి. చిన్నప్పుడు అలాంటి పెడల్ మీద కూర్చుని మీరూ ఊగేవారు కదా?

తొంభైల చివర్లో జబ్బుచేసి, ఇంట్లోనే బట్టలు కుట్టే అమ్మకు కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో బట్ట పట్టుకుంటే చక్రం తిప్పడానికి ఇంకో చెయ్యి లేదు. తిప్పకుండా తొక్కితే చక్రం వెనక్కి తిరిగి దారం తెగేది. మిషన్ అమ్మేద్దామంది అమ్మ.

కాలేజీలో లెక్కలు చెబుతూ, ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి కొత్తగా తయారుచేసే మా మేనత్త వద్దంది. చక్రం ఎక్కడ ఆగితే తొక్కగానే ముందుకే తిరుగుతుందో లెక్కగట్టింది. బరువుకు ప్రతిసారీ అక్కడే ఆగేలా చక్రానికి బిగించడానికి బాలానగర్‌లోని ఓ వర్క్‌షాపులో ఇనుప ముక్క కోయించింది. మొదటిది బరువెక్కువై మిషన్ అదిరిపోయింది. ఇంకొకటి కోయించి బిగించింది.

"తొక్కు పిల్లా."

"మల్ల దారం తెగుతది వదినె."

"తెగితే నేనెక్కిస్త. నువ్వైతే తొక్కు."

అమ్మ తొక్కింది. చక్రం ముందుకే తిరిగింది. ఆపి మళ్లీ తొక్కింది. మళ్లీ ముందుకే. కళ్లనీళ్లు కారుతున్నా ఆగకుండా గుడ్డ చివరిదాకా కుట్టి, అత్త వైపు తిరిగింది.

"వదినె, నీ జాకెట్ గుడ్డ తీస్కరా. ముందుగాల నీకే కుడ్త."