స్వామి పాదాల పక్కనుంచి వచ్చిన తీగ

ఈ నాలుగు మాటలు రాసే బుద్ధినీ, రాయకూడనివి మింగేసే ఓపికనూ ఇచ్చిన అంతర్యామికి ముందుగా సాష్టాంగ నమస్కారం. సముద్రాన్ని ఒక్క గెంతులో దాటినవాడై ఉండి కూడా, మా చిలకలగూడ గల్లీలో కదలకుండా నిలబడిన ఆంజనేయస్వామికి మరొకటి.

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేమీ కాదు, నాకు ఉద్యోగం కొత్త, భక్తి పాత, వివేకం ఇంకా రావలసి ఉంది. ఆదివారం సత్సంగంలో గురువుగారు సందేహాలుంటే అడగమనగానే అందరికంటే ముందు నా చెయ్యి లేచేది (అడగడానికి కాదు, చెప్పడానికి). మా అక్క అప్పుడు అండమాన్‌లో ఒక చిన్న దీవిలో ఉండేది. బావ ఉద్యోగం అక్కడే. చుట్టూ నీళ్లు, కొబ్బరిచెట్లు, వాతావరణం బాగుంటేనే వచ్చే పడవ. అలాంటి చోట వాళ్లింటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది గానీ, సికింద్రాబాద్ స్టేషన్ రైలుకూత వినిపించే మా ఇంటికి రాలేదు. మా ఇల్లు గల్లీ చివర, గుడి వెనక. స్తంభం నుంచి తీగ నేరుగా లాగితే గుడి శిఖరం మీదుగానే రావాలి. అంత అపచారం ఎవరు చేస్తారు? ఫోన్ సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. నానమ్మ మోకాళ్లు ఆమెను డాబా ఎక్కనివ్వవు. నిజానికి దీవిలో ఉన్నది మేమే.

అక్కకు ఏడో నెల వచ్చింది. మొదటిసారి కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ప్రయాణం మాటే లేదు. శ్రీకాకుళం నుంచి మావాళ్లు వెంట తెచ్చుకున్న ఆచారం ఒకటుంది: సీమంతం నాడు పుట్టింటి పెద్దావిడ దేవుడి ముందు దీపం పెట్టి పాడుతుంటే, ఆ పాట కడుపుతో ఉన్న పిల్ల చెవిన పడాలి. "ఆ పాట వినకపోతే నాకు ధైర్యం చాలదురా," అంది అక్క, తెగిపోతున్న ఫోన్లో. రికార్డు చేసి పంపుదామన్నాను. నానమ్మ నావైపు జాలిగా చూసింది. "నాను పాడినప్పుడే అది ఇనాల. రికార్డేటిరా? నాను పోయాక ఇనుకోండి."

గుడి వ్యవహారాలు చూసేది డోలక్ మామ. భజనలో డోలక్ ఆయనదే కనుక ఆ పేరు. నేను వెళ్లి, కేబుల్ అతణ్ని పక్కన నిలబెట్టుకుని, విషయం చెప్పాను.

"స్వామి నెత్తి మీదికెళ్లి తీగనా? ఏందీ బిడ్డా, గిట్లెట్ల అడుగుతున్నవ్?"

నాలోని పండితుడు లేచాడు. "మామా, స్వామి అంతటా ఉన్నవాడు. ఆయనకు పైనేమిటి, కిందేమిటి?"

మామ తాపీగా తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "అవు. అంతటా ఉన్నోడు మీ అక్క దగ్గర సుత ఉన్నట్టే గదా. ఇగ తీగెందుకు?"

అన్ని ఆదివారాల సత్సంగం ఆ ఒక్క ప్రశ్న ముందు చల్లగా కూలింది. కేబుల్ అతను నవ్వు ఆపుకోవడానికి తన తీగచుట్ట వైపు తిరిగాడు. నేను ఇంటికి వెళ్లి మొహం వేలాడేసుకుని చెబితే, నానమ్మ చేతికర్ర తీసుకుని గుడికి వెళ్లి మామ ముందు నిలబడింది.

"బాబూ, నువ్వన్నది నిజమే. ఆ స్వామి అక్కడా ఉన్నాడు. నా గొంతుకే అక్కడ నేదు."

మామ భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. తరువాత గర్భగుడి వైపు చూసి, "పెద్దమ్మా, నెత్తి మీదికెళ్లి అయితే వద్దు," అన్నాడు. "పాదాల పక్కకెళ్లి తీస్కపోండ్రి. సముద్రం దాటినోడు, గీ గోడ దాటియ్యడా?"

"అట్లయితే తీగ మస్తు పడ్తది," అని కేబుల్ అతను గొణిగాడు.

"పడనీ," అన్నాడు మామ. ప్రహరీగోడ అడుగు వెంట చుట్టూ తీగకు గొట్టం వేయించి, ఎవరూ తొక్కకుండా పక్కనే కాపలా నిలబడ్డాడు.

సీమంతం నాటికి ఆ ఇంటర్నెట్ పెట్టె పూజగదిలో, దేవుడి పటాల సరసన కొలువుదీరింది. డోలక్ మామ పిలవకుండానే డోలక్‌తో వచ్చాడు. ఫోన్ తెర మీద అక్క, చేతినిండా గాజులతో. నానమ్మ పాట ఎత్తుకుంది. రెండో పాటకు అక్క బొమ్మ బిగుసుకుపోయింది. కళ్లు సగం మూసి, నోరు సగం తెరిచి. లైన్ ఉందో పోయిందో చూద్దామని పెట్టె దగ్గరికి పరిగెత్తాను. దాని దీపాల మీద వరసగా, ఒక్కటీ విడవకుండా, పసుపు, పైన కుంకుమ! (కొత్త వస్తువు బొట్టు లేకుండా పూజగదిలో ఉండరాదట.) వెలుగుతున్నాయో లేదో స్వామికే తెలియాలి. ఆపమని నానమ్మకు సైగ చేశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది. మామ నావైపు కళ్లురిమాడే గానీ డోలక్ ఆపలేదు. బిగుసుకున్న ఆ బొమ్మకే నానమ్మ చివరి పాట పాడి, దానికే హారతి ఇచ్చింది.

డోలక్ ఆగింది. బొమ్మ కదలలేదు. ఆ కదలని నోట్లోంచే, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు వచ్చింది: "నానమ్మా, రెండో పాటలో ఆఖరి చరణం మింగేశావు."

"నీ కూతురికని దాసి ఉంచేనే," అంది నానమ్మ.

నానమ్మ మాట స్వామి నిలబెట్టాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా నా మేనకోడలు పూజగదిలో ఆ చరణం పాడుతూనే ఉంటుంది. నేర్పిన నానమ్మ ఇప్పుడు లేదు. ఆదివారం సత్సంగంలో నా చెయ్యి ఇప్పటికీ సగం దాకా లేస్తుంది; డోలక్ మామను చూసి, నాలో నేను నవ్వుకుని దించేస్తాను. చదివిన మీరూ ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతోపాటు అడగండి: స్వామీ, ఏ దీవిలో ఎవరు ఎవరి గొంతు కోసం ఎదురుచూస్తున్నారో, వారి చెవిన అది పడేలా చెయ్యి. బొమ్మ కదలకపోయినా ఫరవాలేదు.