స్పీడీ పుట్టిన ఊరు

స్పీడీ ఏ ఊళ్లో పుట్టింది? ఈ ప్రశ్నకు లొరేతా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. తప్పంతా మామగారు దొనాతోది. ఎవరడిగినా ఆయన నిజమే చెప్పేవాడు. ఒక్కొక్కరికి ఒక్కో నిజం.

అమెరికాలోని ఎండికాట్‌లో బూట్ల ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఆయన బొగ్గుల పొయ్యి. వెనిగర్‌లో, పుదీనాలో మూడు రోజులు నానిన గొర్రెపిల్ల మాంసాన్ని ఊచలకు గుచ్చి కాల్చేవాడు. అదే స్పీడీ. తినేవాళ్లు రొట్టెను అరచేతిలో మడిచి, ముక్కల్ని దాంతోనే పట్టుకుని ఊచ లాగేసేవారు. పళ్లెం అడిగినవాణ్ని దొనాతో డాక్టరు రోగిని చూసినట్టు చూసేవాడు.

"ఇదెవరి ఊరి తిండి, దొనాతో?" అని ఇటలీలోని పచెంత్రో ఊరివాడు అడిగితే, "ఇంకెవరిది? మీదే! మీ చర్చి వెనకే మొదట కాల్చారు."

ఇటలీలోనే ఇంకో ఊరు, ఒఫేనా వాడికి, "మీ గొర్రెల కాపరులదే కదయ్యా!"

ఐర్లండ్ నుంచి వచ్చిన మేస్త్రీకి సైతం స్పీడీ కాల్చిన ఒక ముత్తవ్వను పుట్టించాడు.

లొరేతా లోలోపల నవ్వుకునేది. అసలు నిజం తనకు తెలుసని ఆమె ధీమా. స్పీడీ పుట్టింది ఆమె పుట్టినూరు స్కాన్నోలో. కోడలిగా దిగిన రోజే మామగారు స్వయంగా చెప్పాడు.

అందుకే, పొయ్యి పక్కన దుకాణం కట్టాక బోర్డు మీద ఆ ఊరి పేరు రాయించాలని పట్టుబట్టింది. పెయింటర్ నిచ్చెనెక్కాడో లేదో, పచెంత్రో వాళ్లూ ఒఫేనా వాళ్లూ వచ్చి చెరో కాలు పట్టుకున్నారు. నిచ్చెన కాళ్లే లెండి.

"మా ఊరి పేరు లేకపోతే ఈ గుమ్మం తొక్కం!"

"మీ ఊళ్లో గొర్రెలెక్కడివయ్యా? ఉన్నది మీరే!"

"నన్ను దిగనివ్వండి బాబూ, నాది ఏ ఊరూ కాదు!" అని పైనుంచి పెయింటర్.

పాతికమంది గిరాకీ పోయేలా ఉంది. "మావయ్యా, స్కాన్నో అని మీరే చెప్పండి!" అంటూ లొరేతా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

మావయ్య అక్కడ వేరే పనిలో ఉన్నాడు. ఓడ దిగి నాలుగు రోజులైన జుజానా అనే స్లొవాక్ పిల్ల, ఏడ్చి వాచిన కళ్లతో రొట్టె ముట్టకుండా బల్ల మీద కూర్చుంది.

"మీ కొండల మీది తిండేనమ్మా ఇది. మీ ముసలమ్మ ఒకావిడే మాకు నేర్పింది. సరిగ్గా కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి" అంటున్నాడు దొనాతో, సగం మాటలతో, సగం చేతులతో.

జుజానా ఒక ముక్క కొరికింది. "మా అమ్మయితే ఇంకాస్త ఉప్పేస్తుంది" అంది. రెండో ముక్క కొరికింది.

దొనాతో వెంటనే రేపటి మాంసం నానుతున్న గిన్నెలో చిటికెడు ఉప్పేశాడు.

లొరేతాకు తను కోడలిగా వచ్చిన రోజు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కిందట ఇదే బల్ల, ఇదే ఏడుపు. "మీ స్కాన్నో తిండేనమ్మా. సరిగ్గా కుదిరిందో లేదో నువ్వే చెప్పాలి." వెల్లుల్లి తక్కువైందని ఆమె ముక్కు చీదుకుంటూ తీర్పు చెప్పింది కూడా. మర్నాటి నుంచి వెల్లుల్లి రెట్టింపయింది.

ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. వెనక్కి వెళ్లి, "రాయవయ్యా, 'మీ ఊరి స్పీడీ' అని!" అంది పెయింటర్‌తో.

రెండు ఊళ్లవాళ్లూ చదువుకున్నారు. "చూశారా, మాదేనట!" అని ఒకరినొకరు వెక్కిరించుకుంటూ నిచ్చెన వదిలేశారు.

"నాకొక్కదానికైనా చెప్పండి మావయ్యా, ఇంతకీ ఏ ఊరు?"

బల్ల దగ్గర జుజానా మూడో ఊచ లాగుతోంది. మామగారి టోపీ అప్పటికే వీధి మలుపు తిరుగుతోంది.